క్యాలిక్యులేటర్‌తో పాటు ఒక గంట పాఠం

మేడారం వైపు నుంచి పాలిటెక్నిక్‌లో చేరే పేద విద్యార్థులకు క్యాలిక్యులేటర్లు కొనిచ్చే దాతలకు ఒక మనవి. ఎలక్ట్రికల్ లెక్కల్లో 3 ఓంల నిరోధం, 4 ఓంల రియాక్టెన్స్ వరుసగా కలిస్తే ఇంపీడెన్స్ 5 ఓంలు, కోణం 53.13 డిగ్రీలు. ఇలా పరిమాణం, కోణంతో రాస్తే ధ్రువ రూపం.

కాసియో ఎఫ్‌ఎక్స్-991 ఈఎస్‌లో మోడ్, 2 నొక్కితే సంకీర్ణ సంఖ్యల లెక్కలు చేయవచ్చు. తర్వాత 5, షిఫ్ట్, బ్రాకెట్లలోని మైనస్, 53.13, ఈక్వల్ నొక్కాలి. దాదాపు 3+4ఐ వస్తుంది.

తెరపై ‘డి’ బదులు ‘ఆర్’ ఉంటే కోణాన్ని రేడియన్లుగా తీసుకుని −4.81+1.37ఐ చూపిస్తుంది. నిరోధం మైనస్‌లో వచ్చిందంటే ముందు ‘డి’ చూసుకోవాలి. షిఫ్ట్, మోడ్, 3 నొక్కితే సరిపోతుంది.

ఈ మాట చెప్పేవారు లేక పరీక్షలో మార్కులు పోకూడదు. క్యాలిక్యులేటర్ ఇచ్చేరోజే గంటసేపు నేర్పించే ఏర్పాటూ చేయండి. ఉపయోగపడే విద్య సదఖా-ఎ-జారియా కదా!