తల్లివైపు పేరు

ఇంగ్లాండులోని గొప్ప కుటుంబాలవారికి వంశచరిత్ర అంటే పెద్ద పట్టింపు. ఎవరి కొడుకు ఎవరు, ఎవరి కూతురు ఏ ఇంట మెట్టినది అనే వివరాలతో జాన్ బర్క్ అనే ఆయన 1826లో ఒక గ్రంథం అచ్చువేసినాడు. ఆ తరువాత దానికి ఎన్నో కూర్పులు వెలువడినవి. మనలోనూ పెండ్లిమాట వస్తే ముందుగా అడిగేది ఇంటిపేరు, గోత్రమే. సగోత్రమని తెలిస్తే మాట అక్కడితో ఆగిపోతుంది. అయితే అక్కడా, ఇక్కడా లెక్క నడిచేది తండ్రివైపుననే. తల్లివైపు ఏమౌతుందో తెలిపే కథ ఒకటి మన పెద్దలు బయలుదేరి వచ్చిన హైదరాబాదు సీమలోనే జరిగింది.

నిజాము దర్బారులో కంపెనీవారి రెసిడెంటుగా ఉండిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ 1800 ప్రాంతాన ఖైరున్నీసా అనే గొప్ప ఇంటి కన్యను ముస్లిం పద్ధతిని పెండ్లాడినాడు. ఆమె మీర్ ఆలం బంధువర్గంలోనిది. ఈ సంబంధం కంపెనీ పెద్దలకు రుచించక విచారణలు జరిపించినారు. ఆ దంపతులకు సాహెబ్ ఆలం అనే కొడుకు, సాహెబ్ బేగం అనే కూతురు కలిగినారు.

1805లో ఆ పసివారిని చదువుకని మద్రాసునుండి ఓడలో ఇంగ్లాండు పంపినారు. తల్లి ఇక్కడనే ఉండిపోయింది. ఓడ ఎక్కకముందు చినరీ అనే చిత్రకారుడు పిల్లలిద్దరి బొమ్మ వ్రాసినాడు. ఆ అక్టోబరులోనే తండ్రి కలకత్తాలో మరణించినాడు. మరుసటి ఏడు ఇంగ్లాండులో పిల్లలకు క్రైస్తవ నామాలు పెట్టినారు. కొడుకు విలియం జార్జి, కూతురు కేథరిన్. ఇంట్లోవారు ఆమెను కిట్టీ అనేవారు. పాతపేర్లు మరుగుపడినవి. బిడ్డలను మరల చూడకుండానే ఖైరున్నీసా 1813లో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏండ్లు కూడ నిండలేదు.

కిట్టీ 1829లో ఫిలిప్స్ అనే సైనికోద్యోగిని పెండ్లాడి, బిడ్డలతల్లి అయింది. 1840 ప్రాంతాన హైదరాబాదు మాజీ రెసిడెంటు రస్సెల్ ఇంట గోడమీద తన చిన్ననాటి బొమ్మ కనబడగా ఆమెకు దుఃఖం ఆగలేదు. తరువాత హైదరాబాదులో ఇంకా బ్రతికియున్న అమ్మమ్మ షరఫున్నీసాకు జాబు వ్రాసింది. అమ్మమ్మ పారసీలో బదులు వ్రాయించింది. ఉత్తరాలైతే నడిచినవి గాని, ఒకరినొకరు కండ్లారా చూచుకొనే యోగం కలుగలేదు.

కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం నేటికీ కోఠీలో ఉన్నది. అందులో ఆడపిల్లల కళాశాల వెలసి, ఇప్పుడు విశ్వవిద్యాలయమైనది.

కిట్టీకి అడ్డము సముద్రము. మనకేమి అడ్డము? షోలాపురంలో మన మగ్గాలవాడల్లో ఏ ఇంట అడిగినా తాతముత్తాతల ఊరు, గోత్రం చెప్పగలరు. నాయనమ్మ ఏ ఇంటి ఆడపడుచని అడిగితే చాలామంది తడుముకుంటారు. నేనూ ఆ కోవలోనివాడనే. ఆఫీసులో ఇరవై ఏండ్లుగా ఫారాలు నింపుతున్నాను. తండ్రిపేరు గడి నింపడమే గాని, మా నాయనమ్మ పుట్టినింటి పేరు నాకు తెలియదు. చెప్పగలవారు మా ఇంట ఒక్కరూ మిగలలేదు. పడుగు ఒక్కటే ఉంటే బట్ట కాదని మగ్గం ఎరిగినవారికి నేను చెప్పనక్కరలేదు.

నారళీ పున్నమికి మార్కండేయుని రథోత్సవం చూడ బంధువులందరూ వస్తారు. ముసలమ్మలను కూర్చోబెట్టి, వారి తల్లిపేరు, అమ్మమ్మపేరు, పుట్టినింటి పేరు, ఊరు అడిగి ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. అడుగడానికి మనిషి ఉన్నప్పుడే అడగాలి.