హైదరాబాదు నగరమున ఫుట్‌బాలు

ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలలో తెలుగు పండితుడుగా నుండి, ఉద్యోగ విరమణానంతరము టెక్కలిలో విశ్రమించుచున్నవాడను. ఫుట్‌బాలును గూర్చి ప్రసంగించుటకు ఈతనికేమి యర్హత యున్నదని నన్నెరిగిన శ్రోతలు నవ్వుకొనవచ్చును. వారి నవ్వు న్యాయమైనదే. బంతిని కాలితో తన్నిన పాపమున పోలేదు. చిన్ననాట మా గురువుగారి యెదుట శబ్దమంజరి వల్లెవేయుటతోడనే నా సాయంకాలములు గడచిపోయినవి. పైగా ఉపాధ్యాయుడనైన పిదప ఆటలకు కొంత అపకారము కూడ చేసితిని. ఆ సంగతి చివర చెప్పుకొందును. ఇప్పుడు చెప్పదలచినది, ఒక మహానగరమున ఒక బడిపంతులు ఫుట్‌బాలును ఎట్లు నేర్పెను, ఆ నేర్పుచేత ఏమి సాధ్యమయ్యెను, పిమ్మట అది యేమయ్యెను అను కథ.

హైదరాబాదు అనగానే నేటివారికి క్రికెట్టు, బాడ్మింటను జ్ఞప్తికి వచ్చును. 1950 మొదలు పది పదునైదేండ్ల కాలమున ఆ నగరము పేరు చెప్పగానే ఆటలనెరిగినవారికి స్ఫురించినది ఫుట్‌బాలు. ఈ యాటలో కలకత్తాకు సాటి యనదగిన నగరము దేశమున నుండెనన్నచో అది హైదరాబాదే. సికిందరాబాదున ఆంగ్లేయ సైన్యముండెడి దండుప్రదేశము, నగరమున పోలీసు దళములు, విశాలములైన మైదానములు, ఇవన్నియు ఆటకు ఆలవాలములైనవి. వానిలో ఫతేమైదానము ప్రసిద్ధము. అచటి క్రీడాంగణమునకు 1967లో లాల్ బహదూరు శాస్త్రిగారి పేరు పెట్టిరి. పేటలలోని పిల్లలకు బూట్లు కొనుక్కొను శక్తి లేదు. వట్టికాళ్లతోనే ఆడిరి. వట్టికాలికి బంతి స్పర్శ తెలియును గనుక అదియు నొక విధమైన విద్యాభ్యాసమే యయ్యెను.

మరియొక కారణమును తరచు మరతురు. మంచి ఆటగానికి నగర పోలీసు శాఖలో కొలువు దొరకెడిది. నెల తిరుగగానే జీతము వచ్చుచుండగా, ఆటయే పనిలో భాగముగా నుండగా, పేద యింటి బిడ్డకు ఇంతకంటె కావలసినదేమి? 'ఆడి యేమి తినెదవు?' అని తలిదండ్రులు వేయు ప్రశ్నకు ఆ నగరమున సమాధానముండెను. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు అను పేరు దేశమంతట మారుమ్రోగుటకు మొదటి పునాది ఇదియే యని నా యభిప్రాయము.

ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీము. ఈయన 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున పట్టము పొంది, కాచిగూడ మొదలగు చోట్ల పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేసెను. తరువాత వ్యాయామ విద్యలో డిప్లొమా పుచ్చుకొని బడిపిల్లల ఆటలకు పెద్దయయ్యెను. ఆటగాండ్రందరును ఆయనను రహీము సాహెబుగారనియే పిలిచెడివారు. దేశపు జట్టునకు శిక్షకుడైన పిదపను ఆయన స్వభావము బడిపంతులు స్వభావమే. పిల్లవానికి ఏమి రాదో మొదట కనిపెట్టి, రానిదానినే వానిచేత చేయించుట ఆ స్వభావమునకు లక్షణము.

ఆయన బోధనా పద్ధతిని వివరించుటకు మాబోంట్లకు తెలిసిన యొక యుపమానము చెప్పెదను. అష్టావధానమున నిషిద్ధాక్షరి యను అంశము కలదు. అవధాని పద్యము చెప్పబోవుచుండగా పృచ్ఛకుడు తరువాత ఏ యక్షరము వచ్చునో ఊహించి దానిని నిషేధించును. సులభముగా నోటికి వచ్చు మాట మూసికొని పోవును. అవధాని మరియొక మాట వెదకవలెను. అదియు మూసినచో మరియొకటి. నిషేధములేని కవికి ఎన్నడును పనిపడని మాటలు ఆ నిర్బంధమున బయలుదేరును. రహీముగారు ఆటలో చేసినది సరిగా నిదియే.

ఫుట్‌బాలులో 'డ్రిబ్లింగు' అను ప్రక్రియ యున్నది. బంతిని తన పాదముల చెంతనే ఉంచుకొని, ఎదిరిని ఇటునటు భ్రమింపజేయుచు తానే ముందునకు పోవుట. చూపరులకు ఇది కన్నులపండువు. చప్పట్లన్నియు దీనికే. కాని ఒక్కనికి చప్పట్లు వచ్చునప్పుడు తక్కిన పదిమంది నిలుచుండి చూచుచుందురు. రహీముగారు డ్రిబ్లింగు నిషేధించి పోటీలు పెట్టెను! బంతి వచ్చినదే తడవుగా తోడివానికి అందీయవలెను. దీనిచేత ఆటగానికి క్రొత్త యభ్యాసము కలిగెను: బంతి తనకు చేరకముందే, తాను దానిని ఎవనికి పంపవలెనో చూచి యుంచుకొనుట. అట్లే మనలో పెక్కుమందికి కుడికాలే వాటము. ఎడమకాలు దేహభారమును మోయుటకే. ఆయన వాటముకాని కాలితోనే బంతిని తన్నవలెనని నియమించి వేరుగా పోటీలు నడపెను. తొలిదినములలో చూచినవారికి అది నవ్వులాటగా తోచియుండును. తుదకు ఎడమ కుడి యను భేదములేని సవ్యసాచులు తయారైరి. సవ్యసాచి యనగా రెండు చేతులను బాణములు వేయువాడు. ఇచట కాళ్లకు అన్వయించినందుకు వైయాకరణులు క్షమింతురు గాక.

ఫలము వెంటనే కనబడెను. 1950లో సిటీ పోలీసు జట్టు ఢిల్లీలో కలకత్తా మోహన్‌బగాను నోడించి డ్యూరాండు కప్పును గైకొనెను. అదే సంవత్సరమున బొంబాయిలో రోవర్సు కప్పును గెలిచి, 1954 వరకు వరుసగా అయిదేండ్లు దానిని విడువలేదు. నూర్ మహమ్మదు, అజీజుద్దీను, మొయిను, లాయకు మున్నగువారు ఆ జట్టున ప్రసిద్ధులు. రాష్ట్రముల మధ్య జరుగు సంతోష్ ట్రోఫీ పోటీని హైదరాబాదు 1956లోను, 1957లోను గెలిచెను.

ఇక దేశపు జట్టు మాట. 1951లో ఢిల్లీ నగరమున జరిగిన ప్రథమ ఆసియా క్రీడలలో భారతదేశము ఇరానును 1-0గా జయించి స్వర్ణపతకము పొందినది. శిక్షకుడు రహీముగారే. ఆ సంతోషము ఒక్క యేడాదియే నిలిచెను. 1952లో హెల్సింకి ఒలింపిక్సున యుగోస్లావియా మన జట్టును 10-1గా ఓడించెను. అచటి చలిలో, తడిసిన పచ్చికపై, మనవారిలో పెక్కుమంది వట్టికాళ్లతో నాడిరి. హైదరాబాదు పేటల దుమ్ములో ఏది విద్యగా పనిచేసినదో అదియే ఉత్తరదేశపు చలిలో ఉరియైనది. తరువాత మన ఫుట్‌బాలు సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసినది. పది గోళ్ల యోటమి నెత్తిమీద పడిన శిక్షకుడు ఏమి చేయును? రహీముగారు సాకులు వెదకలేదు. అదే హెల్సింకిలో స్వర్ణము గెలిచిన హంగరీ జట్టు ఆటను పాఠముగా తీసికొనెను.

ఆ పాఠమేమో కొంచెము విడమరచి చెప్పవలెను. నాటి వాడుకలో ముగ్గురు వెనుక నిలిచి కాచుకొందురు, ఇద్దరు నడుమ, అయిదుగురు ముందు. ముందు వరుసలో నట్టనడుమ నుండు ఫార్వర్డును ఎదిరి జట్టు నడిమి కాపరి నీడవలె వెంటాడును. హంగరీవారు ఆ నడిమి ఫార్వర్డును వెనుకకు లాగిరి. ఇప్పుడు ఆ కాపరికి ధర్మసంకటము పట్టుకొనెను. వానిని వెంబడించినచో తన వెనుక గోలు ముంగిలి ఖాళీయగును. తన తావుననే నిలిచినచో, ఆ ఫార్వర్డు తీరికగా బంతి పుచ్చుకొని తోచినట్లు పంచిపెట్టును. రెండింట ఏది చేసినను నష్టమే. 1953లో హంగరీ లండనున వెంబ్లీ మైదానమున ఇంగ్లండును 6-3గా ఓడించినది ఈ యుపాయముతోడనే. బంతిని ఆలస్యము చేయక అందీయగల ఆటగాండ్రకే ఈ పద్ధతి పట్టుబడును. హైదరాబాదున డ్రిబ్లింగు నిషేధించి పెంచిన శిష్యులకు అట్టి యభ్యాసము ముందే యున్నది గదా!

1956లో మెల్‌బోర్ను ఒలింపిక్సు. డిసెంబరు 1వ తేదీన మన జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డపైననే 4-2గా ఓడించెను. బొంబాయి వాడైన నెవిల్ డిసౌజా మూడు గోళ్లు చేసెను. ఒలింపిక్సు ఫుట్‌బాలులో అర్ధాంతిమమునకు చేరిన మొదటి ఆసియా దేశము మనదే. అచట మరల యుగోస్లావియా యెదురయ్యెను. మొదటి గోలు మనవారే చేసిరి. తుదకు 4-1గా ఓడిరి. పిదప బల్గేరియా చేతిలోను ఓడి నాలుగవ స్థానమున నిలిచిరి. నాలుగేండ్ల క్రిందట పది గోళ్లు తిన్న జట్టు ఇదియని తలచుకొన్నచో ఆ నాలుగవ స్థానము విలువ తెలియును.

ఆ జట్టులో తులసీదాసు బలరామునకు నాటికి ఇరువదేండ్లు. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో పేద కుటుంబమున పుట్టినవాడు. రహీముగారు వాని యాట చూచి సాధనకు రమ్మనిరి. అంత దూరము వచ్చుటకు బాలుని యొద్ద పైకము లేదు. సైకిలు అద్దెకు తీసికొనుమని గురువే దినమునకొక రూపాయి ఇచ్చెనని చెప్పుదురు. ఆ బాలుడు 1960 రోము ఒలింపిక్సున హంగరీపై నొకటి, పెరూపై నొకటి గోళ్లు చేసెను. దినమున కొక రూపాయి! మన పాఠశాలలలో ప్రణాళికా పత్రములకు వెచ్చించు సొమ్మును తలచుకొని నేను చాలసేపు ఊరకుంటిని.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు. ఆతిథేయ దేశము ఇజ్రాయేలును, తైవానును రానీయకపోగా మన ప్రతినిధి గురుదత్తు సోంధీగారు ఆక్షేపించిరి. దానితో అచటి జనులు భారతీయులపై మండిపడుచుండిరి. అంతిమ పోటీకి వచ్చిన జనసమూహము లక్షకు దగ్గరగా నుండెనందురు, వారందరును మన కెదురే. దక్షిణ కొరియా మొదటి దఫాలో మనలను 2-0గా ఓడించిన జట్టు. జర్నైలుసింగునకు తల పగిలి కుట్లు పడియున్నవి. అతడు కాపుదలవాడు, రహీముగారు అతనిని ముందు వరుసకు పంపిరి. హైదరాబాదు వాడైన పీటరు తంగరాజు జ్వరము విడిచి గోలు కాచుటకు నిలిచెను. సెప్టెంబరు 4వ తేదీన మనవారు 2-1గా గెలిచిరి. ఒక గోలు ప్రదీపకుమారు బెనర్జీది, రెండవది ఆ కుట్లు పడిన జర్నైలుసింగుదే. అప్పటికే రహీముగారిని పుట్టకురుపు వ్యాధి తినివేయుచుండెను. 1963 జూను 11వ తేదీన ఆయన కన్నుమూసెను. ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము మనకు మరల రాలేదు. 1960 తరువాత ఒలింపిక్సు ఫుట్‌బాలున మన జట్టు ఆడనే లేదు.

గురువు గతించుటతో విద్యయంతయు గతించెననుట అతిశయోక్తి. 1965-66లో ఆంధ్రప్రదేశము సంతోష్ ట్రోఫీ గెలిచినది. షబ్బీర్ అలీ వంటి మేటి ఆటగాడు హైదరాబాదున తరువాతనే పైకి వచ్చెను. కాని బలరాముడు 1957లోనే కలకత్తా ఈస్టుబెంగాలునకు పోయినట్లు, పలువురు ఆ నగరపు క్లబ్బులను వెదకికొని పోయిరి. క్రికెట్టు పెరిగెను. పేటలలోని ఖాళీ స్థలములు భవనములైనవి. ఇటీవలి మాట చెప్పవలెనన్న, 2019లో హైదరాబాదు ఎఫ్.సి. యను పేర ఒక వృత్తి జట్టు వెలసి, 2022లో దేశపు ప్రధాన లీగును గెలిచినది. 2025లో ఆ జట్టు యాజమాన్యముతో సహా ఢిల్లీకి తరలిపోయినది. నగరము పేరు పెట్టుకొన్న జట్టు అంగడి సామానువలె ఊరు మారుట నా వంటి పాతకాలపువానికి వింతగానే యుండును. నూర్ మహమ్మదు జట్టును ఎవరు ఎచటికి తరలింపగలిగెడివారు?

ఇక మొదట వాయిదా వేసిన సంగతి. నేను పనిచేసిన యొకానొక పాఠశాలలో పరీక్షలు సమీపించునప్పుడెల్ల డ్రిల్లు పీరియడును నాకిమ్మని అడిగి పుచ్చుకొనెడివాడను. సంధులు, సమాసములు పూర్తికావలెను గదా! డ్రిల్లు మాస్టరు మెత్తనివాడు, కాదనలేదు. తొమ్మిదవ తరగతిలో సముద్రతీరపు పల్లెనుండి వచ్చు మత్స్యకారుల బిడ్డ యొకడు కిటికీ చెంత కూర్చుండి మైదానమునే చూచుచుండెడివాడు. ఇసుకలో ఆడి పెరిగినవాడు. వాని కాలికి బంతి అతుకుకొనియుండునని తోడిపిల్లలు చెప్పిరి. నేను వానిచేత త్రికసంధి సూత్రము పదిమార్లు వ్రాయించితిని. పదియవ తరగతి తప్పి, వాడు తన పల్లెవారితో గుజరాతులోని వెరావలునకు పడవపనికి పోయెను. త్రికసంధి వానికి అచట ఎన్నడైన పనికి వచ్చెనేమో తెలియదు.

గత సంవత్సరము రహీముగారి వృత్తాంతము చదివిన పిదప, మా యింటికి సమీపమున ఆదివారము సాయంకాలము ఆడుకొను పిల్లలయొద్దకు పోయి, ఒక్క యాట ఎడమకాలితోనే ఆడుడని కోరితిని. 'తాతగారూ, ఇదేం ఆటండీ?' అని విరగబడి నవ్విరి. అరగంటలో ఒక్క గోలును కాలేదు. రెండవ వారమున నన్ను చూచి కొందరు తప్పుకొనిరి. నాలుగవ వారమున ఒక చిన్నవాడు, పదేండ్లు నిండినవో లేదో, కుడివైపునుండి వచ్చిన బంతిని ఆపకయే ఎడమకాలితో తోడివానికి అందించెను. గోలు కాలేదు, బంతి ప్రక్కనున్న జీడితోటలో పడినది. వాడు మాత్రము నావైపు తిరిగి చూచి, మరల బంతి తెచ్చుటకు పరుగెత్తెను.