వేద నిలయం తాళంచెవులు ఎవరివి?

‘మాయాబజార్’ (1957)లో రుక్మిణి వేషం వేసిన సంధ్యను మన పాత ప్రేక్షకులు మరచిపోయి ఉండరు. అసలు పేరు వేదవల్లి. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని పెంచడం కోసం ముఖానికి రంగు వేసుకున్న మనిషి. కొడుకు జయకుమార్, కూతురు జయలలిత. ఆ కూతురే ‘మనుషులు మమతలు’ (1965)తో తెలుగు తెరకొచ్చి, ‘గూఢచారి 116’లో కృష్ణ పక్కన, ‘చిక్కడు దొరకడు’లో రామారావు పక్కన నటించి మన వాళ్ళకీ అభిమాన తార అయింది.

మద్రాసు పోయెస్ గార్డెన్‌లో సంధ్య 1967లో ఒక చోటు కొన్నారు. ధర లక్షా 32 వేలు! ఈ రోజుల్లో ఆ డబ్బుతో అక్కడ గేటు కూడా రాదనుకోండి. ఇల్లు పూర్తి హంగుతో నిలిచేసరికి ఆవిడ లేరు, 1971లో కన్నుమూశారు. అమ్మ పేరే ఇంటికి పెట్టుకున్నారు జయలలిత... వేద నిలయం. అన్న కుటుంబమూ మొదట్లో ఆ కప్పు కిందే ఉంది. అన్న కూతురు దీప తాను పుట్టింది ఆ ఇంట్లోనే అని ఎన్నోసార్లు చెప్పుకున్నారు. తర్వాత అన్న వేరే కాపురం పెట్టారు. 1995లో ఆయనా పోయారు. ఇంట్లో స్నేహితురాలు శశికళ, ఆమె బంధువర్గం నిండారు. అన్న బిడ్డలకు గేటు దూరమైంది.

2016 డిసెంబరు 5న జయలలిత మరణించారు. భర్త లేడు, బిడ్డలు లేరు, వీలునామా బయటపడలేదు. ఇక చూడండి తమాషా! ఆస్పత్రిలో ఉన్న మేనత్తను చూడబోతే దీపను లోపలికి పోనివ్వలేదు. అంత్యక్రియల దగ్గర మాత్రం తమ్ముడు దీపక్ శశికళ పక్కన నిలబడి కర్మ చేశారు. అక్కాతమ్ముళ్ళ మధ్య పొరపొచ్చాలు అక్కడే లోకానికి తెలిశాయి. 2017 జూన్ 11న దీప వేద నిలయానికి వెళ్తే కాపలా వాళ్ళు అడ్డుకున్నారు. రమ్మని పిలిచింది తమ్ముడేనని, ఇదంతా కుట్రేనని ఆవిడ వీధిలోనే మండిపడ్డారు. నాయనమ్మ కొన్న ఇంటి ముందు మనవరాలు పరాయిదానిలా నిలబడటం! ఇది సినిమాలో పెడితే అతిగా ఉందని మనమే అంటాం.

రెండు నెలలకు, ఆగస్టులో, అప్పటి ముఖ్యమంత్రి పళనిస్వామి ఆ ఇంటిని స్మారకం చేస్తామని ప్రకటించారు. అభిమానులకు పండగే. కానీ ఇల్లు ఎవరిదో తేలకుండా స్మారకం ఎలా అవుతుంది? ఈలోగా పార్టీ మనుషులు ఇద్దరు ఆస్తుల నిర్వహణ తమకు అప్పగించమని కోర్టుకెక్కారు. విచిత్రమేమిటంటే, వాళ్ళు వేసిన ఆ కేసులోనే 2020 మే నెలలో మద్రాసు హైకోర్టు దీప, దీపక్‌లే వారసులని తేల్చింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఇక్కడ సూటిగానే ఉంది: బిడ్డల్లేని స్త్రీకి తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఆస్తి ఆమె తండ్రి వారసులకు పోతుంది. కొడుకు ముందే పోతే అతని పిల్లలు ఆ వరుసలోకి వస్తారు. ఇంట్లో చివరిదాకా ఎవరు మసిలారు, ఎవరు సేవ చేశారు అనే లెక్క చట్టానికి లేదు. మన ఊళ్ళలో సగం గొడవలు మాత్రం ఆ లెక్క దగ్గరే మొదలవుతాయి కదా!

ప్రభుత్వం తగ్గలేదు. ఇంటిని స్వాధీనం చేసుకోవడానికి కోర్టులో 67.9 కోట్లు కట్టింది. అందులో 36 కోట్ల పైచిలుకు ఆదాయపన్ను బకాయిలకే. లోపలి సామాను జాబితా రాస్తే 32,721 వస్తువులు తేలాయి! బంగారం 4 కిలోల పైన, వెండి 601 కిలోలు, పుస్తకాలు 8,376. బంగారం సంగతి అలా ఉంచండి, అన్ని పుస్తకాలు చదివే తార ఆ తరంలో ఇంకెవరున్నారు?

2021 జనవరి 28న స్మారకాన్ని ప్రారంభించారు గానీ, జనాన్ని లోపలికి పంపడానికి కోర్టు ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరు 24న జస్టిస్ శేషసాయి ఆ స్వాధీనాన్నే కొట్టివేశారు. మెరీనా తీరంలో ఒక స్మారకం ఉండగా ఇంకొకటి దేనికన్నది అక్కడొచ్చిన ప్రశ్న. మూడు వారాల్లో తాళాలు వారసులకివ్వాలన్నారు.

వీధిన పడి పోట్లాడుకున్న అక్కాతమ్ముళ్ళు ఈ కేసులో ఒకే పక్షాన నిలిచారు. ప్రేమ తిరిగి చిగురించిందో, అవసరం కలిపిందో మనకేం తెలుసు! 2021 డిసెంబరు 10న అధికారులు తాళంచెవులు వాళ్ళ చేతికిచ్చారు. మేనత్త పోయిన అయిదేళ్ళ అయిదు రోజులకు దీప ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్ళారు.