నూరేళ్ల లెక్క ఎవరు రాయాలి?

కడప జిల్లా పోరుమామిళ్లలో పెద్ద చెరువుంది. దాన్ని ఎవరు, ఎప్పుడు, ఎలా కట్టారో చెప్పే రాతి శాసనమూ ఉంది. విజయనగర ప్రభువు బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఉదయగిరి నుంచి ఆ సీమను ఏలుతూ 1369లో వేయించిన శాసనం అది. రోజుకు వెయ్యిమంది కూలీలు పనిచేశారట. రాళ్లు తోలడానికి వంద బండ్లు తిరిగాయట. కట్ట పూర్తికావడానికి రెండేళ్లు పట్టిందట. ఇంతవరకూ మామూలే, ఏ రాజైనా తన గొప్ప చెప్పుకుంటాడు. నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి భాగం. మంచి చెరువుకు ఉండాల్సిన అంగాలు పన్నెండు, ఉండకూడని దోషాలు ఆరు అంటూ ఒక్కొక్కటీ లెక్కపెట్టి చెక్కించారు.

ఆ ఆరు దోషాలూ ఇవి: కట్టలోంచి నీరు ఊరడం. చవుడు నేల. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. చెరువు నడిమధ్య మెరక లేవడం. నీరు తక్కువై, తడపాల్సిన పొలం ఎక్కువ కావడం. పొలం తక్కువై, నీరు ఎక్కువ కావడం.

ఈ జాబితా భాస్కరుడికి అక్కర్లేదు. ఆయన చెరువు అప్పటికే పూర్తయింది. తర్వాత కట్టబోయేవాళ్ల కోసం రాయించాడు.

పన్నెండు అంగాల్లో మొదటిది ధర్మం తప్పని రాజు. రెండోది నీటి శాస్త్రం తెలిసిన పండితుడు. నేల, ఏరు, రాయి, పనిమంతులు అన్నీ వాళ్ల వెనకే. పాలించేవాడి పక్కన, శాస్త్రం తెలిసి ఉన్నదున్నట్టు చెప్పేవాడు ఒకడుండాలని 650 ఏళ్ల కిందటే మన నేల మీద రాతిలో రాసుకున్నాం. ఆ రెండో అంగాన్నే ఇవాళ థింక్ ట్యాంక్ అంటున్నాం. ఢిల్లీలో అలాంటి సంస్థలకు కొదవలేదు. వాటిలో ఒకటి మాత్రం పాలకుల పక్కన కుర్చీ కోసం చూడలేదు. బయట నిలబడి, నలభై ఏళ్లకు పైగా దేశం లెక్క రాస్తూ వస్తోంది. దాని పేరు సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్, క్లుప్తంగా సీఎస్‌ఈ.

జనం రాసిన నివేదిక

దాన్ని పెట్టింది అనిల్ అగర్వాల్. 1947లో కాన్పూర్‌లో పుట్టారు. కాన్పూర్ ఐఐటీలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. ఆ చదువుకు తగ్గ ఉద్యోగం వెతుక్కోకుండా 1973లో హిందుస్థాన్ టైమ్స్‌లో సైన్స్ విలేకరిగా చేరారు. మరుసటి ఏడాది హిమాలయాల్లో చిప్కో ఉద్యమం గురించి రాయడానికి వెళ్లారు. చెట్లను కావలించుకున్న ఆ ఆడవాళ్లకు అడవి అంటే పొయ్యిలోకి కట్టె, గొడ్డుకు మేత, కుండలోకి నీళ్లు. పర్యావరణం కడుపు నిండినవాళ్ల ముచ్చట అనుకునే రోజుల్లో, అది కడుపు నిండనివాళ్ల బతుకు అని ఆయనకు అక్కడ అర్థమైంది.

1980లో సీఎస్‌ఈ మొదలైంది. మలేసియాలోని పెనాంగ్‌లో ఒక వినియోగదారుల సంఘం తమ దేశ పర్యావరణం మీద సొంతంగా నివేదిక వేయడం చూసి, మనమెందుకు వేయకూడదు అనుకున్నారు అగర్వాల్. దేశమంతటా పనిచేస్తున్న సంఘాలను, శాస్త్రవేత్తలను, విలేకరులను అడిగి వివరాలు తెప్పించారు. నేల, నీరు, అడవి, గాలి, ఆరోగ్యం దేనికదే అధ్యాయం. 1982లో వచ్చిన ఆ పుస్తకానికి పెట్టుకున్న పేరులోనే ‘పౌరుల తొలి నివేదిక’ అని ఉంది. సర్కారు చెప్పేదాకా ఆగకుండా తమ దేశం ఎట్లా ఉందో జనమే చెప్పుకోవడం అంతకుముందు మనకు అలవాటు లేదు. 1986లో ప్రధాని రాజీవ్ గాంధీ ఆయన్ను పిలిపించి తన మంత్రివర్గానికే పాఠం చెప్పించారు.

గడ్డి మోపు లెక్క

సీఎస్‌ఈ ఆలోచన ఏమిటో ఒక్క ఊరి కథతో చెప్పమంటే నేను సుఖోమాజ్రీ పేరే చెబుతాను. హరియాణాలో శివాలిక్ కొండల కింద ఉన్న చిన్న పల్లె అది. చండీగఢ్‌లో 1958లో కట్టిన సుఖ్నా సరస్సు ఇరవై ఏళ్లు తిరక్కుండానే చాలావరకు పూడుకుపోయింది. ఆ మట్టి ఎక్కణ్నుంచి కొట్టుకొస్తోందో చూడమని నేలకోత నిపుణుడు పి.ఆర్. మిశ్రాకు పని అప్పగించారు. ఆయన వాగులకు ఎదురు నడుచుకుంటూ వెళ్తే సుఖోమాజ్రీ కొండ తేలింది. మేకలు మేసి మేసి గడ్డిపరక మిగలని కొండ. వానపడితే చాలు, మన్నంతా జారి కిందికి వచ్చేస్తోంది.

మేకల్ని కొండకు తోలొద్దని చెప్పడం తేలిక. తోలకపోతే బతికేదెట్లా అన్నది ఊరివాళ్ల ప్రశ్న. కింద పట్నంవాళ్ల సరస్సు కోసం పైన పల్లెవాళ్లు ఎందుకు పస్తుండాలి? మిశ్రా ఆ ప్రశ్నను కొట్టిపారేయలేదు. కొండ వంపులో చిన్న మట్టికట్ట వేయించారు. ఆగిన వాననీటితో కింద గోధుమ చేను ఎండకుండా గట్టెక్కింది. కట్టలో మట్టి చేరితే నీళ్లుండవని, నీళ్లుంటేనే చేనుంటుందని ఊరికి కళ్లారా కనిపించింది. అప్పుడు కొండకు కంచె అక్కర్లేకపోయింది. ఊరే కాపలా కాసింది.

ఇందులో అసలు తెలివంతా పంపకంలో ఉంది. కట్టలోని నీటిలో ఇంటింటికీ సమాన వాటా పెట్టుకున్నారు. సెంటు భూమి లేనివాడికీ వాటా ఉంది. తనకు అక్కర్లేకపోతే అమ్ముకోవచ్చు. అంతకుముందు కొండమీది గడ్డిని అటవీశాఖ కాంట్రాక్టర్లకు వేలం వేసేది. ఆ డబ్బు ఊరి సంఘమే కట్టి గడ్డిహక్కు తీసుకుంది. మేకల స్థానంలో గేదెలొచ్చాయి, పాలు పెరిగాయి. కొన్నాళ్లకు ఈ రాబడి మీద ఆదాయపు పన్ను కట్టమని ఊరి సంఘానికి నోటీసు వచ్చింది! బోడికొండను పచ్చబరచుకున్నందుకు పన్ను కట్టిన తొలి ఊరు ఇదేనని అగర్వాల్ ఎన్నో వేదికల మీద చెప్పేవారు.

దేశం ఎదుగుదలను స్థూల జాతీయోత్పత్తితో కొలుస్తాం. పల్లె పేదవాడి బతుకును నడిపేది మాత్రం స్థూల ప్రకృతి ఉత్పత్తి అనేవారు ఆయన. గడ్డి మోపు, కట్టెల మోపు, బావిలో నీటిమట్టం, చేనుకు పడే పేడ ఏ బడ్జెట్ ప్రసంగంలోనూ కనిపించవు. కనిపించనిదాన్ని ఎవరూ కాపాడరు. సీఎస్‌ఈలో తన సహచరి సునీతా నారాయణ్‌తో కలిసి 1989లో ఆయన రాసిన ‘టువర్డ్స్ గ్రీన్ విలేజెస్’ సారాంశం ఇదే: ఊరి ఉమ్మడి ఆస్తుల పెత్తనం ఊరి సభకే ఇవ్వండి.

1991లో ఒక చిన్న పుస్తకంతో ఇదే తూకాన్ని ప్రపంచం ముందు పెట్టారు. అమెరికాలోని ఒక పరిశోధన సంస్థ అంతకుముందు ఏడాది విడుదల చేసిన లెక్క, భూతాపానికి ఎక్కువ కారణమైన అయిదు దేశాల్లో మన దేశాన్నీ చేర్చింది. తిండిగింజల కోసం వరి వేసిన రైతు మడిలోంచి వచ్చే వాయువునూ, షికారు కారు వదిలే పొగనూ ఒకే గాటన ఎలా కడతారని అగర్వాల్, సునీత ఎదురడిగారు. ఆకాశం మనిషికింతని అందరిదీ అన్నారు. వాతావరణ న్యాయం అంటూ ఇవాళ ప్రతి ప్రపంచ సదస్సులో జరిగే వాదనకు ఆ చిన్న పుస్తకం పునాదుల్లో ఒకటి.

ఢిల్లీ బస్సు మారిన వైనం

1996లో వాహనాల పొగ మీద సీఎస్‌ఈ వేసిన పుస్తకానికి ‘స్లో మర్డర్’ అని పేరు పెట్టారు. మెల్లగా చేస్తున్న హత్య అన్నమాట. అప్పటికే అగర్వాల్ అరుదైన క్యాన్సర్‌తో పోరాడుతున్నారు. 1998 జులై 28న సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సులన్నీ సీఎన్‌జీకి మారాలని, అందుకు 2001 మార్చి 31 గడువని తీర్పిచ్చింది. కోర్టుకు సలహా ఇచ్చే భూరేలాల్ సంఘంలో అగర్వాల్ సభ్యుడు.

గడువు దగ్గరపడేసరికి గోల మొదలైంది. బంకులు చాలవు, గ్యాస్ రాదు. ఆటోలు గంటల తరబడి, కొన్నిచోట్ల రాత్రంతా వరసకట్టి నిలబడ్డాయి. డ్రైవర్లు సీట్లలోనే నిద్రపోయారు. గంధకం బాగా తగ్గించిన డీజిల్ చాలదా అని ఢిల్లీలోని మరో పేరున్న థింక్ ట్యాంక్, టెరి, వాదించింది. రెండు సంస్థలూ అంకెలతో తలపడ్డాయి. అది మంచిదే. శాస్త్రం తెలిసినవాళ్లు బహిరంగంగా వాదించుకుంటేనే మామూలు మనిషికి నిజం అందుతుంది. 2002 ఏప్రిల్ 5న కోర్టు తన మాటకే కట్టుబడి, తిరిగే ప్రతి డీజిల్ బస్సుకూ రోజుకు 500 రూపాయల జరిమానా వేసింది. ఆ ఏడాది చివరికి ఢిల్లీ సిటీ బస్సుల్లో డీజిల్ పోయింది. ఆ తీర్పు వినడానికి అగర్వాల్ లేరు. మూడు నెలల ముందు, జనవరి 2న, 54 ఏళ్లకే వెళ్లిపోయారు.

మరి ఢిల్లీ గాలి బాగుపడిందా? కొన్నేళ్లు తెరిపినపడింది. తర్వాత కార్లు, బైకులు, కట్టడాల దుమ్ము, కొయ్యకాళ్ల పొగ కలిసి ఆ లాభాన్ని మింగేశాయి. దీన్ని ఓటమి అనడం తప్పని నా అభిప్రాయం. ఇంధనం మీద అప్పుడు మొదలైన పోరు ఆగలేదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా వాహనాల పొగ మీద బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. మన ఊరి బంకులో పోసే డీజిల్‌లోనూ ఇప్పుడు గంధకం పదిలక్షల పాళ్లలో పదికి మించకూడదు. ‘స్లో మర్డర్’ వచ్చాక ఇరవై నాలుగేళ్లకు! ఇలాంటి పనికి అంత ఓపిక కావాలి. అయిదేళ్లకోసారి మారే ప్రభుత్వాలకు ఆ ఓపిక ఉండదు. వాటి బయట ఎవరికో ఉండాలి.

2003లో శీతల పానీయాల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని సీఎస్‌ఈ ప్రయోగశాల చెప్పినప్పుడు కూడా బయటినుంచి వేసిన లెక్కే నిలిచింది. కంపెనీలు కాదన్నాయి. పార్లమెంటు సంయుక్త సంఘం విచారించి, 2004 ఫిబ్రవరిలో ఆ ఫలితాలను సమర్థించింది.

మన చెరువుల దగ్గరికి

1997లో సీఎస్‌ఈ తెచ్చిన ‘డయింగ్ విజ్డమ్’ దేశంలోని పాత నీటి పద్ధతులన్నిటినీ ప్రాంతాలవారీగా ఒకచోట చేర్చింది. గొలుసుకట్టు చెరువుల దక్కను మనది. పై చెరువు అలుగు పోస్తే కింది చెరువు నిండుతుంది. పాకాల, రామప్ప, లక్నవరం కాకతీయుల కాలం నుంచి పొలాలు పారిస్తూనే ఉన్నాయి. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేల పైచిలుకు చెరువుల పూడిక తీయాలని లక్ష్యం పెట్టుకుంది. మంచి పని. కానీ గొలుసులో ఒక కొక్కెం ఊడితే మిగతాది నిలవదు. అలుగు కాలువలో ప్లాట్లు వేశాక పూడిక తీసి లాభమేమిటి? 2024లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది. ఏరు తన పాత దారినే వచ్చింది. ఆ దారిని మరిచిపోయింది మనం.

హైదరాబాద్‌కు ఆ జ్ఞాపకం ఉండాలి. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద వేలమందిని పొట్టనపెట్టుకుంది. విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా తీసుకున్నారు. 1920 నాటికి ఉస్మాన్‌సాగర్, 1927 నాటికి హిమాయత్‌సాగర్ నిలిచాయి. వందేళ్ల తర్వాత పుట్టబోయే నగరానికి కూడా నీళ్లిచ్చిన నిర్ణయం అది. వాటి పరీవాహకంలోని 84 ఊళ్లలో కట్టడాలను కట్టడి చేసిన 1996 నాటి 111 జీవో ఆంక్షలను 2022లో ఎత్తేశారు. అది పొరపాటని నేను గట్టిగా నమ్ముతున్నాను.

భవిష్యత్తు గురించి మనం రాయడం లేదని కాదు. 1999లో ఆంధ్రప్రదేశ్‌కు విజన్ 2020 వచ్చింది. 2020 వచ్చింది, వెళ్లింది. ఆ పత్రాన్ని ఎదురుగా పెట్టుకుని, ఏది జరిగింది, ఏది జరగలేదని ఊరూరా లెక్క చూసుకున్నామా? ఇప్పుడు స్వర్ణాంధ్రకూ, తెలంగాణ రైజింగ్‌కూ 2047 గడువు. కోట్ల కోట్ల డాలర్ల లక్ష్యాలున్నాయి. భూగర్భ జలం ఎన్ని మీటర్ల లోతున ఉండాలన్నది కూడా అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఏటా దాన్ని కొలిచి చెప్పేవాళ్లు సచివాలయానికి బయటే ఉండాలి. వేల్స్ అనే చిన్న దేశం 2015లో భావితరాల కోసం చట్టమే చేసుకుంది. ఇంకా పుట్టనివాళ్ల తరఫున మాట్లాడటానికి ఒక కమిషనర్ ఉన్నారక్కడ. పెద్ద మోటారు రహదారి ప్రతిపాదనను ఆ కమిషనర్ వద్దన్నారు. ఖర్చు, పర్యావరణ నష్టం రెండూ చూసి ప్రభుత్వం 2019లో దాన్ని మానుకుంది.

మనకు చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. 1982 నాటి ఆ తొలి నివేదిక ఇంగ్లిషులోనే ఉండిపోలేదు. అనుపమ్ మిశ్రా హిందీలోకి తెచ్చారు. కన్నడంలోకి తెచ్చింది శివరామ కారంత్. అప్పటికే జ్ఞానపీఠం అందుకున్న నవలాకారుడు, ఎనభయ్యో పడిలో ఉన్న మనిషి, నేల కోత గురించీ అడవి నరుకుడు గురించీ అధ్యాయాలు ముందేసుకుని అనువాదానికి కూర్చున్నారు. తన భాషవాళ్లకు ఆ లెక్క తెలియడం అంత అవసరమని ఆయన అనుకున్నారు. మన రెండు రాష్ట్రాల్లో జిల్లాకొక ప్రజల నివేదిక తెలుగులో రావాలి. కాలేజీలు పూనుకోవాలి, రచయితలు చేయి వేయాలి.

మీరు ఒక పని చేయండి. వానలు రాకముందే మీ ఊరి చెరువు కట్టెక్కండి. దాని ఆయకట్టు ఒకప్పుడెంత, ఇప్పుడెంత. తూములెన్ని, ఎన్ని పనిచేస్తున్నాయి. అలుగు నీరు ఏ చెరువులోకి పోవాలి, ఆ దారిలో ఇప్పుడేమున్నాయి అన్నవి ఊళ్లో పెద్దవాళ్లను అడిగి రాయండి. కింద తేదీ వేయండి. ఆ కాగితాన్ని గ్రామసభలో చదివి వినిపించండి.