తేడా 0.00... అయినా లెక్క తేలలేదు!

“ఒరేయ్, నీ యాప్ నన్ను దొంగని చేసిందిరా!” ఫోన్‌లో పిన్ని గొంతు వణుకుతోంది.

మా ఊరి పొదుపు సంఘానికి పిన్ని లీడర్. బీటెక్ మూడో ఏడాదిలో ఉండగా, సంఘం లెక్కల కోసం ఓ చిన్న యాప్ చేసిచ్చా. ఆ రోజు మీటింగ్‌లో మొత్తాలన్నీ కూడి, బ్యాంకు పాస్‌బుక్‌తో పోలిస్తే ఎర్రగా వచ్చిందట: ‘లెక్క తేలలేదు. తేడా 0.00’. “తేడా లేకపోతే ఎరుపెందుకు? ఏదో దాస్తున్నారు” అనేసిందట ఒకావిడ.

రాత్రంతా కూర్చుంటే తప్పు దొరికింది. 1.10కి 2.20 కలిపితే మనకు 3.30. కంప్యూటర్‌కి మాత్రం 3.3000000000000003!

ఎందుకలా? 1ని 3తో భాగిస్తే 0.333... అంటూ ఎప్పటికీ తెగదు కదా. సున్నా, ఒకట్లతోనే లెక్కపెట్టే కంప్యూటర్‌కి పదో వంతు కూడా అలాగే తెగదు. మనం మామూలుగా వాడే ‘డబుల్’ రకం సంఖ్యకి ఉన్నది 64 బిట్ల చోటే. అందుకే ఎక్కడో ఒకచోట ఆపేసి, దగ్గరి విలువ దాచుకుంటుంది.

నేనేమో రెండు దశాంశాలే చూపించమని రాశా. అది తెర మీద అంకెనే మారుస్తుంది. లోపల తోక అలాగే ఉంటుంది. పోల్చేటప్పుడు ఆ తోకే పిన్ని పరువు తీసింది.

చిన్న తోకే కదా అనుకోవద్దు. కెనడాలోని వాంకూవర్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1982లో 1000 పాయింట్లతో ఓ సూచీ మొదలెట్టింది. లెక్క మారిన ప్రతిసారీ మూడు దశాంశాల తర్వాతి అంకెల్ని రౌండ్ చేయకుండా కోసేసేవారు. 1983 నవంబర్‌కి సూచీ 524కి జారింది. సరిచేసి చూస్తే 1098!

నేనేం చేశానంటే, రూపాయలన్నీ పైసల్లోకి మార్చా. 110కి 220 కలిపితే 330. తోకల్లేవు! వడ్డీలో పైసా కంటే తక్కువ ముక్క వస్తే రౌండ్ చేసేది చివర్లో, ఒక్కసారే. దశాంశాలు తప్పనిసరైతే పైథాన్‌లో డెసిమల్, జావాలో బిగ్‌డెసిమల్ ఉన్నాయి. కాకపోతే సంఖ్యని కొటేషన్లలో పెట్టి ఇవ్వాలి. లేదంటే ఆ తోక అక్కడికీ వచ్చేస్తుంది.

తర్వాతి మీటింగ్‌కి నేనే ఊరెళ్లా. “తప్పు పిన్నిది కాదు, నాది” అని అందరి ముందూ చెప్పా. అనుమానపడ్డావిడే ముందుగా నవ్వింది.

ఇప్పుడు యాప్‌లో ఏ మార్పు చేసినా పిన్ని అడిగేది ఒక్కటే: “ఆ సున్నాల వెనకాల ఏముందో చూశావురా?”