కారుచౌడులో నీరు ఎందుకు ఇంకదు?

వాన వెలిసి నాలుగు రోజులైనా మడిలో నీరు కదలదు. పక్క చేలో ఆ సాయంత్రానికే ఇంకిపోతుంది. చూడగానే కారుచౌడని పెద్దలు చెప్పేస్తారు. జిప్సం చల్లమని సలహా కూడా ఇస్తారు. చల్లినా కొందరికి ఫలితం దక్కదు. కారణం నేలలోని సందుల్లో ఉంది.

నీరు దిగేది మట్టి రేణువుల మధ్య సందుల్లోంచే. కారుచౌడులో బంకమట్టి రేణువులను సోడియం పట్టుకుని ఉంటుంది. తడి తగలగానే అవి ఉబ్బి, విడిపోయి, సందులకు అడ్డం పడతాయి. జిప్సంలోని కాల్షియం ఆ సోడియాన్ని తోసేసి దాని చోటులో చేరుతుంది. రేణువులు గుంపుకట్టి సందులు తెరుచుకుంటాయి.

చిక్కంతా ఇక్కడే. జిప్సం కరగాలంటే నీరు దిగాలి. నీరు దిగాలంటే సందు ఉండాలి. సందు తెరవాలంటే జిప్సం కరగాలి! నీరు నడిచేకొద్దీ దారే మారిపోతుంది కనుక ఇది ఒక్క గుణకారంతో తేలే లెక్క కాదు.

అందుకని శాస్త్రజ్ఞులు కంప్యూటరులో నేలను అట్లు పేర్చినట్టు పలచని పొరలుగా విడదీస్తారు. ఒక్కో పొరలో ఎంత నీరు దిగింది, ఎంత జిప్సం కరిగింది, ఎంత సోడియం వదిలింది అని లెక్కగట్టి, దాన్నిబట్టి సందును సవరించి మళ్ళీ లెక్కిస్తారు. అమెరికాలో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ లవణ పరిశోధనశాలకు చెందిన సిమునెక్, స్వారెజ్ 1997లో చౌడు బాగుచేతకు ఇలాంటి లెక్క ప్రచురించారు. నేలలోని సున్నాన్ని, బొగ్గుపులుసు వాయువును కూడా అందులో చేర్చారు. అయితే మన చేలో ఎలుక బొరియ ఎక్కడుందో, నెర్రె ఎక్కడ విచ్చిందో కంప్యూటరుకు తెలియదు.

రైతుకు పనికొచ్చే చిన్న లెక్క ఒకటి ఉంది. లీటరు మంచినీటిలో జిప్సం సుమారు రెండున్నర గ్రాములే కరుగుతుంది. ఆ లెక్కన టన్ను కరగడానికి ఎకరం మీద సుమారు 10 సెంటీమీటర్ల నీరు కావాలి.

జిప్సం ఖర్చెందుకు, కాలువ నీటితోనే కడిగేద్దామంటారు కొందరు. పాలచౌడుకు అది సరే. కారుచౌడుకు ఉత్త మంచినీరు పెడితే ఉప్పు పలచబడి రేణువులు ఇంకా విడిపోతాయి, ఉన్న సందూ మూసుకుపోతుంది. ఏ చౌడో కంటితో చూసి తేల్చుకోవడం కష్టం. మట్టి పరీక్షలో ఉదజని సూచిక 8.5 దాటి, సోడియం వాటా 15 శాతం మించితే కారుచౌడే. బాపట్లలో చౌడు నేలల పరిశోధన కేంద్రం ఉంది.

వదిలిన సోడియం చేను దాటి బయటకు పోవాలి. మురుగుకాలువ పూడి ఉంటే అది ఎండాకాలంలో మళ్ళీ పైకెక్కుతుంది. అందుచేత ముందు కాలువ పూడిక తీయించి, మడి చదును చేసి, ఆ తర్వాతే జిప్సం బస్తాలు కొనండి.