పరపతి లెక్కలోని చెడ్డ పద్దులు – వాని తొలగింపు



వేరుసెనగ విత్తనమును, చెరకు ముచ్చెలను గూర్చి వ్రాయువానికి బ్యాంకు లెక్కలతో నేమి పని యని మీరనుకొనవచ్చును. వాన కురిసి పదును కుదిరిన పిమ్మట విత్తుటకు మనకు దొరకునవి కొలది దినములే. ఆ దినములలో అప్పు చేతికందనిచో నేను చెప్పిన మేలురకము విత్తనము మాటలలోనే నిలిచిపోవును. ఈ నడుమ మన ప్రాంతమున పలువురకు అప్పందకుండుటకు కారణము భూమియు కాదు, పంటయు కాదు. “సిబిల్ చెడినది” యను మాట.

పూర్వము పరపతి యనునది ఊరిలోనే యుండెడిది. 1904వ సంవత్సరమున సహకార చట్టము వచ్చినప్పుడు మన పొరుగున చెంగల్పట్టు జిల్లాలోని తిరూరులో సంఘము వెలసెను. అట్టి సంఘముల పంచాయతీదారులు మనిషినెరిగి అప్పిచ్చెడివారు. బాకీ నిలిచినచో వాన రాక నిలిచినదో, పెండ్లి ఖర్చుల వలన నిలిచినదో వారికి తెలిసియుండెను. నేడు 2005వ సంవత్సరపు చట్టము ననుసరించి ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు ఈ లెక్కను ఉంచుచున్నవి. మొదటిదాని పేరే మన నోళ్ళలో అన్నిటికిని పేరైనది. బ్యాంకులును, బంగారముపై అప్పిచ్చు కంపెనీలును తమ ఖాతాల వివరములను వీనికి పంపును. జిల్లా సహకార కేంద్ర బ్యాంకులకును ఈ విధి కలదు. ఆ వివరములనుబట్టి 300 మొదలు 900 వరకు ఒక అంకె కట్టబడును. ఇంత అంకె యుండి తీరవలెనని రిజర్వు బ్యాంకు నియమింపలేదు. అది ఒక్కొక్క బ్యాంకు తానుగా పెట్టుకొను హద్దు.

పలమనేరు వైపు ఒక రైతు పాడియావులకు అప్పడుగగా బ్యాంకువారు నిరాకరించిరి. ఆయన రిపోర్టును మేమిరువురము ముందుంచుకొని చదివితిమి. అందు రెండు చెడ్డ పద్దులు కనబడెను. ఒకటి ఆయన యెన్నడును కొనని మోటారుసైకిలుపై అప్పు. అదే పేరు, అదే ఇంటిపేరు గల మరియొకరిది. తాత పేరు మనుమలందరకు పెట్టుట మన అలవాటు గదా! రెండవది ఆయనదే. ఎండిపోయిన వేరుసెనగ పంటపై అప్పు, కొంత చెల్లించి కొంత బ్యాంకువారు వదలుకొనగా తీరినది. దానికెదురుగా “సెటిల్డ్” అని యుండెను. ఒక దళారి పదివేల రూపాయలిచ్చినచో రెంటిని తుడిపివేయింతునని చెప్పియుండెను. ఆ సొమ్ము ఈయవలదని నేను గట్టిగా చెప్పితిని.

ఏలయనగా, తప్పు పద్దును తీయించుటకు రూపాయి ఖర్చు లేదు. నిజమైన పద్దును తీయించుట ఎవరి తరమును కాదు. ఆ సంస్థ తానుగా ఒక అక్షరమైనను దిద్దదు. ఫిర్యాదు రాగానే అప్పిచ్చిన బ్యాంకు నడుగును. తప్పని బ్యాంకు ఒప్పుకొన్ననే దిద్దును. దళారి చేయునది మనము వ్రాయవలసిన అర్జీనే వ్రాయుట.

తప్పు పద్దు పోయిన పిమ్మట అంకె ఎంత పెరుగును? అందరకు నొకే లెక్క లేదు. ఉన్న మచ్చ అదియొక్కటే అయినచో బాగుగా పెరుగును. వేరు మచ్చలు మిగిలియున్నచో స్వల్పముగా పెరుగును. పాతది, చిన్నది అయిన పద్దు పోయినను మార్పు కనబడకపోవచ్చును; నిన్న మొన్నటి బాకీ పద్దు పోయినచో మార్పు ఎక్కువ. కొందరు పాత ఖాతాలన్నియు తీయించవలెనని తొందరపడుదురు. అది తెలివిగాదు. గడువులో చెల్లించి మూసిన ఖాతా మనకు సాక్షి. దానిని తీయించుకొన్నచో సాక్షిని వెళ్ళగొట్టినట్లే. ఉన్న ఖాతాలన్నియు పోయినచో మంచిచెడ్డలు తెలియని క్రొత్తవారి వరుసలో నిలువవలసియుండును.

నిజమైన పద్దు మాట వేరు. సిబిల్ రిపోర్టులో నెలవారీగా ఎన్ని దినములు ఆలస్యమైనదో 36 నెలల వరకు చూపబడును. క్రొత్త నెలలు సక్రమముగా నడచిన కొలది పాతవి వెనుకకు జరుగును. ఏడేండ్లకు అంతయు చెరిగిపోవునని కొందరందురు. చట్టము ప్రకారము ఏడేండ్లు కనీసపు గడువు మాత్రమే.

మన జిల్లాలో మరియొక చిక్కు కలదు. 2014వ సంవత్సరపు ఋణమాఫీలో కుటుంబమునకు రు. 1,50,000 వరకు మాఫీ ప్రకటింపబడెను. రు. 50,000 లోపలి అప్పులకు ఒకేమారుగను, మించినవానికి వాయిదాల మీదను సొమ్ము ఇచ్చు ఏర్పాటు. మాఫీ యన్నంతనే ఖాతా మూతపడెనని తలచి, మిగిలినదాని గూర్చి విచారింపనివారు కలరు. ఖాతాలో మిగిలిన బాకీకి వడ్డీ నడచుచునేయుండెను. అట్టివారు ముందు బ్యాంకులో ఖాతా నకలు తీసికొని, నిజముగా చెల్లినదా లేదా చూచుకొనవలెను. చెల్లియుండి కూడ బాకీ చూపుచున్నచో అది తప్పు పద్దు. చెల్లకున్నచో అర్జీతో పోదు. జామీను నిలిచినవారును తమ రిపోర్టు చూచుకొనుట మంచిది. బావమరిది బాకీ బావ అంకెను తినివేయగలదు.

పద్ధతి ఇది. ప్రతి సంస్థ ఏటేట ఒక పూర్తి రిపోర్టు ఉచితముగా నీయవలెను. తన రిపోర్టు తాను చూచుకొన్నందువలన అంకె తగ్గదు. నాలుగింటిని చూడుడు, ఒకదానిలో దిద్దినది మరియొకదానిలో మిగిలియుండవచ్చును. తప్పున్నచో చెల్లుచీటి నకలు జతచేసి సంస్థకును, బ్యాంకునకును వ్రాయుడు, రసీదు భద్రపరచుడు. 30 దినములలో తేల్చవలెను. గడువు మించినచో దినమునకు రు. 100 చొప్పున పరిహారమీయవలెనని రిజర్వు బ్యాంకు 2023లో ఆజ్ఞాపించినది. అప్పటికిని తేలనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకొనవచ్చును. 2022 సెప్టెంబరు నుండి ఈ సంస్థలును ఆయన విచారణలోనికి వచ్చినవి.

ఇక కరవు సంగతి. మీ మండలము కరవు మండలమని ప్రకటింపబడిన యెడల గడువు తిరిగి వ్రాయుడని వెంటనే బ్యాంకు నడుగుడు. గడువు మార్చిన అప్పు బాకీపడిన అప్పుగా లెక్కకురాదు. ఊరకున్నచో వచ్చును.

ఆ పలమనేరు రైతు విషయము. మోటారుసైకిలు పద్దు నెల తిరుగకముందే పోయినది. అంకె పెరిగినది గాని బ్యాంకువారి హద్దు నందలేదు. తరువాత ఆయన, నాడు బ్యాంకువారు వదలుకొన్న మొత్తమును రెండు విడతలుగా కట్టి, చెల్లుచీటి పుచ్చుకొని, “సెటిల్డ్” అనుదానిని “క్లోజ్డ్” అని మార్పించుకొనెను. ఆలస్యపు నెలలు మాత్రము ఆ కాగితముపై ఇంకను కనబడుచున్నవి. ఆయన అడిగినవి రెండావులు; బ్యాంకువారు ప్రస్తుతమొకదానికి ఇచ్చిరి.